చప్పుడు లేని తుపాకీ

మా బావ గాలి తుపాకీ కొన్నది పిట్టల్ని కొట్టడానికి కాదు, కాపాడడానికి. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. ప్రతి ఆయుధం వెనకా ఇలాంటి సాకు ఒకటి ఉంటుందని సభల్లో అన్నవాణ్ని నేనే. కానీ మా బావ విషయంలో అది సాకు కాదు.

మా అక్కను ఇచ్చింది టెక్కలి అవతల ఒక చిన్న ఊరికి. ఏటా వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఆ ఊరికి వచ్చి, ఇళ్ల మధ్యనున్న చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసుకుని, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. ఊళ్లో అందరూ వాటిని సైబీరియా పక్షులంటారు. అవి మన దేశంలోనే చెరువు నుంచి చెరువుకు తిరిగే పక్షులని, సైబీరియాకూ వాటికీ సంబంధం లేదని నేను అక్కకు చాలాసార్లు చెప్పాను.

"మరి ఏ ఊరివి?" అని అడిగేది. నేను నోరు తెరిచేలోపు తనే, "ఏ ఊరైతేనేటి, పురిటికొచ్చినాయి" అనేది.

అదే ఆ ఊరి నమ్మకం. అవి పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడపిల్లలు. అందుకని అవి ఉన్నన్నాళ్లు ఊళ్లో పెద్ద చప్పుడు చెయ్యరు. పెళ్లి బ్యాండు ఊరి మొదట్లోనే ఆగిపోతుంది. దీపావళి టపాసులు పొలాలు దాటి ఎక్కడో కాలుస్తారు. అవి రాని ఏడాది పంటలు పోతాయని కూడా అంటారు. వానలు లేక చెరువులెండితే అవి రావు, అదే కారణాన పంటలూ పోతాయి, మీరు ఫలితాన్ని పట్టుకుని కారణం అంటున్నారని నేను వాదించేవాణ్ని. వినేవారు, తలూపేవారు, బ్యాండును మాత్రం ఊరి మొదట్లోనే ఆపేవారు. మూఢనమ్మకాల మీద ఎన్ని వ్యాసాలు రాసినా, దీని మీద మాత్రం నా కలం ఎప్పుడూ గట్టిగా లేవలేదు. పక్షుల వల్ల అక్క పెరడంతా తెల్లటి రెట్టతో నిండిపోయేది. గూళ్లలోంచి జారిపడిన చేపలు కుళ్లి వాసన కొట్టేవి. ఆ చెట్టు చింతపండు ఒక్క పులుసుకూ పనికొచ్చేది కాదు. అక్క ఏనాడూ విసుక్కోలేదు.

ఆ తర్వాత కోతులు వచ్చాయి. కొండల్ని తవ్వడం, జీడితోటలు కొట్టెయ్యడం పెరిగాక అవి ఊళ్లలోకి దిగాయి. మొదట పెంకులు పీకాయి, కొబ్బరిబొండాలు రాల్చాయి. తర్వాత చింతచెట్టెక్కి గూళ్లలో చెయ్యి పెట్టాయి. కోతి గుడ్డు తింటుందా అని విజయనగరంలో నా తోటి ఉపాధ్యాయులు అడిగేవారు. తింటుంది. ఒక చేత్తో గుడ్డు పట్టుకుని, రెండో చేత్తో కొమ్మ పట్టుకుని, తల్లిపక్షి ముఖంలోకి చూస్తూ తింటుంది.

పక్క ఊళ్లలో టపాసు పేల్చి తరిమేవారు. ఇక్కడ అది కుదరదు. బావ పులిబొమ్మ ఒకటి కొని కొమ్మకు కట్టాడు. కొద్ది రోజులకే ఒక కోతి దాని వీపు మీద కూర్చుని తీరిగ్గా పేలు చూసుకుంటోంది. ఉండేలు రాయి అంత ఎత్తుకు అందలేదు. వయసులో కొన్న గాలి తుపాకీ ఒకటి ఆయన దగ్గర ఉండేది. గొట్టాన్ని మధ్యకు కిందికి వంచి గుండు వేసే రకం, తిరునాళ్లలో బుడగలు కొట్టిస్తారే, అలాంటిది. అది 'టప్' మనేది. ఆ చప్పుడుకు కోతితోపాటు చెట్టు మీది పక్షులన్నీ లేచిపోయేవి. ఎండలో గుడ్లు మిగిలిపోయేవి.

బావ కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఏ చిక్కుకైనా సరైన పనిముట్టు ఎక్కడో ఉండే ఉంటుందని ఆయన నమ్మకం. పెద్ద పట్నం వెళ్లి కొత్త తుపాకీ తెచ్చాడు. దానికి కింద ఒక సిలిండరు. రెండు చేతులతో నొక్కే పొడవాటి పంపుతో, చొక్కా తడిసేదాకా, దాన్లోకి గాలి కొట్టాలి. ఒకసారి నింపితే వరసగా చాలా గుళ్లు పేలుతాయి. గొట్టం చివర ఒక లావుపాటి గొట్టం బిగిస్తే చప్పుడు ఉండదు. దీపం ఊదినట్టు 'ఉఫ్' మంటుంది, అంతే. పక్షి మెడ కూడా తిప్పదు.

ఊరి ఆచారంలో చప్పుడు చెయ్యొద్దని ఉంది కానీ తుపాకీ పేల్చొద్దని లేదు. బావ ఆచారం తప్పలేదు.

ఆ ఏడాదే గాలి తుపాకులకు కూడా లైసెన్సులు పెడుతున్నారని, లేనివి పట్టుకుపోతారని పుకారు పుట్టింది. నేను వెళ్లేసరికి బావ అరుగు మీద తుపాకీ తుడుస్తూ కూర్చున్నాడు.

"ఒరే, గాలికి లైసెన్సేట్రా? రేపు సైకిల్ పంపుకి కూడా అడుగుతారేటి?"

"సైకిల్ పంపు ఎవర్నీ చంపదు బావా."

"ఇదీ సంపదు. కోతి పిర్ర మీద సురుక్కుమంటాది, ఎలిపోతాది. నువ్వు పేపర్లకి రాస్తావు గదా. మాలాంటోలకి ఇది ఉండాలని ఓ ముక్క రాయి."

"ఉండొచ్చు, హద్దు కూడా ఉండాలని రాస్తాను."

"ఆ హద్దు నువ్వే గీస్తావేటి, సుద్దముక్కతోటి?"

అక్క చీపురుతో వచ్చింది. "ముందు ఇద్దరూ కాళ్లెత్తండి. మీ వాదం అయ్యేలోపు నాకు పొద్దుపోతాది."

హద్దు అప్పటికే ఉందని నేను చెప్పాను. అయిదడుగుల దూరం నుంచి కొడితే అంగుళం మందం చెక్కలోంచి గుండు దూసుకుపోకూడదు, పాత నిబంధన అది. పోకపోతే లైసెన్సు అక్కర్లేదు. నోటిమాటలు ఎందుకు, పరీక్ష చేద్దాం అన్నాను. వాదన తెగనప్పుడు పరీక్ష పెట్టమనే నేను నేర్చుకున్నాను. బావకు కూడా ఉత్సాహం వచ్చింది. పెరటి గోడకు ఇసుక బస్తా ఆనించి, దాని ముందు మామిడి చెక్క పలక నిలబెట్టాడు.

పాత తుపాకీ గుండు చెక్కలో కొంచెం గుచ్చుకుని ఆగిపోయింది. బావ కొత్తది ఎత్తాడు. 'ఉఫ్' మంది. పలక కదల్లేదు. దాని వెనక నుంచి మాత్రం ఇసుక సన్నటి ధారగా కారడం మొదలైంది. బావ చిల్లులోకి చూసి తన్మయంగా నవ్వాడు.

"సూసినావా దాని పొగరు?"

"చూశాను. పాత లెక్కకే ఇది లైసెన్సు ఉండాల్సిన తుపాకీ బావా."

వెనక నుంచి అక్క అంది. "నానూ సూసినాను. అది నా అప్పడాల పీట. సదువుకున్నోలు ఇద్దరూ కలిసి దానికి బొక్కెట్టినారు."

బావ వెంటనే తుపాకీ దించి, అప్పడాలకు కొత్త పీట తెస్తానని ఒప్పుకున్నాడు. తుపాకీ విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. "పిల్లలు లేసేవరకు ఉండనీ. అవి ఎగిరిపోతే దీంతో నాకేటి పని" అన్నాడు. తల ఎత్తి చెట్టు కేసి చూశాడు. ఆ ఏడాది గూళ్లు సగం అప్పటికే ఖాళీ అయిపోయాయి. మిగిలిన వాటిలో తల్లులు కదలకుండా కూర్చున్నాయి. ఆయన చూపు ఎంత బెంగగా ఉందో చెప్పలేను.

కార్తీకంలో మళ్లీ వెళ్లిన రోజు పొద్దున్నే అది జరిగింది. పెద్ద మగకోతి ఒకటి పై గూటి దాకా ఎక్కింది. బావ దాని తొడకు గురి పెట్టాడు. పాత తుపాకీతో అలాగే అలవాటు. కోతి అదిరిపడి కొమ్మల మీంచి పక్కింటి కప్పు మీదికి దూకింది. బావ తృప్తిగా తుపాకీ లోపల పెట్టాడు. టీ తాగాము. కాసేపటికి వీధిలో జనం పోగవుతున్నారని వెళ్లి చూస్తే, కరెంటు స్తంభం మొదట్లో కోతి చచ్చిపడి ఉంది.

ఆ ప్రాంతంలో కోతి చనిపోతే ఊరు వదిలెయ్యదు. హనుమంతుడని స్నానం చేయించి, కొత్తగుడ్డ కప్పి, పాడె కట్టి, మనిషికి చేసినట్టే చేస్తారు. అప్పుడే పసుపు నీళ్లు కలుపుతున్నారు. బావకు పిన్ని వరసయ్యే ముసలామె, ఊళ్లో అందరూ మాట వినే మనిషి, ఆయన్ని చూసి పిలిచింది.

"ఒరే, కరెంటే కదేట్రా? లైన్‌మన్‌వి, నువ్వు సెప్పాల."

బావ వంగి కోతిని చూశాడు. తొడ మీద వెంట్రుకల మధ్య చిన్న రంధ్రం. చెయ్యి దాని మీద పెట్టి అలాగే ఉండిపోయాడు. ఆయన మౌనాన్ని అందరూ అవుననే అనుకున్నారు.

డప్పులకు కబురు పెట్టమంటారా అని ఎవరో అడిగారు. ముసలామె తల అడ్డంగా ఊపింది. "పిట్టలు పురిట్లో ఉన్నాయి. వొద్దు."

అలా ఊరేగింపు డప్పు లేకుండా, భజన లేకుండా, తాళం చప్పుడైనా లేకుండా బయల్దేరింది. కోతిని ఊరేగించడం అనే పని మీద నాకున్న అభిప్రాయం మీరు ఊహించగలరు. ఇంకెక్కడైనా అయితే వీధి మధ్యలో నిలబడి మాట్లాడేవాణ్ని. ఆ రోజు బావ పాడెకు భుజం పెట్టాడు. నేను ఆయన పక్కన నడిచాను. చెప్పుల చప్పుడు, పైన గూళ్లలో పక్షులు ముక్కులు టకటకలాడించే చప్పుడు, అంతే వినబడ్డాయి.

పొలంగట్టు మీద గొయ్యి తీశారు. మట్టి వెయ్యబోతుండగా బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"కరెంటు కాదు పిన్నీ. నానే కొట్టినాను."

ముసలామె ఆయన ముఖం కేసి చూస్తూ నింపాదిగా అడిగింది.

"మరి సప్పుడేదీ?"

"సప్పుడు రాదు. పిట్టలు బెదరకూడదని అలాంటిది తెచ్చినాను. సురుక్కుమంటాదనుకున్నాను, సస్తాదనుకోలేదు."

"పిట్టలకి వినపడకపోతే సరే. మాకూ వినపడలేదు కదరా. మా గుమ్మం పక్కనే తుపాకీ పేలిస్తే మాకు తెలీలేదు. రేపు ఎవుడికో ఎవుడి మీదో కోపమొచ్చి ఇలాటిదే తెస్తాడు. పడిపోయినోడికి కరెంటు కొట్టిందనుకుని మట్టి కప్పీసి ఎలిపోతామేటి?"

ముసలామె కొంగు సర్దుకుని, "నువ్వే ఎయ్యి ముందు" అంది. మొదటి మట్టి బావ వేశాడు.

ఆ పూట ఆయన అన్నం తినలేదు. అక్క పెరుగన్నం కలిపి ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి ఆయన నన్ను పిలిచాడు.

"నువ్వు రాస్తానన్నావు గదా, రాయి. లైసెన్సు ఉండాలని రాయి. దాని కన్నా ముందు ఇది రాయి. తుపాకీ అన్నాక సప్పుడవ్వాల. ఎవుడో ఒకడు తలుపు తీసి సూడాల."

"నీ సంగతి రాయను బావా."

"రాసుకో. కోతికి పాడె కట్టినందుకు మమ్మల్ని తిట్టుకో కూడా. ఈ ముక్క మాత్రం వొదలకు."

"తింటూ సెప్పు" అంది అక్క. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

నేను రాశాను. కేంద్రం అప్పుడే ఆయుధాల నియమాలను కొత్తగా తిరగరాసింది. చెక్కపలక పరీక్ష పాతబడిపోయింది. గొట్టం ఇంత వెడల్పు దాటితే, గుండు బలం ఇంత దాటితే లైసెన్సు కావాలని కొలతలు వచ్చాయి. అవి అవసరమైన కొలతలే. కానీ ఈ తుపాకులు ఏటేటా బలం పుంజుకుంటున్నాయి, నోరు మూసుకుంటున్నాయి. బలాన్ని కొలవడానికి యంత్రం కావాలి. చప్పుడును కనిపెట్టడానికి పొరుగువాడి చెవి చాలు. ఆ చెవిని మూసే పరికరం ఏదైనా ఊళ్లోకి వస్తుంటే, అది ఎంత మంచి పనికైనా సరే, ముందు ఊరు ప్రశ్నించాలి. మంచివాడి చేతిలో ఉందన్న ధీమా చాలదు. మా బావ కన్నా మంచివాణ్ని నేను చూడలేదు.

తుపాకీని అప్పగించడానికి ఇద్దరం పోలీస్ స్టేషన్‌కి వెళ్లాము. అక్కడున్న కానిస్టేబుల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది గాలి తుపాకీ కదండీ, దీన్ని మేమేం చేసుకుంటాం" అని తిరిగిచ్చేశాడు. నేను కొత్త నియమాలు చెప్పబోయాను. ఆయన మర్యాదగా విని, పైవాళ్ల నుంచి కాగితం రాలేదన్నాడు. బావ ఇంటికి తెచ్చి, గాలి వదిలేసి, గొట్టాన్ని ఇనుము కోసే ఆక్సా బ్లేడుతో ముక్కలుగా కోసేశాడు. పనిముట్టును చేతులారా పాడుచెయ్యడం ఆయన జన్మలో అదే మొదటిసారి. కోస్తున్నంతసేపూ పెదవి కొరుక్కుంటూనే ఉన్నాడు.

ఇక గూళ్లకు కాపలా ఏమిటి? ఆయనే. పొద్దున టీ తాగి చెట్టు కింద కుర్చీ వేసుకునేవాడు. పొడుగాటి వెదురుగెడ పక్కన, పైనుంచి పడే రెట్టకు అడ్డంగా గొడుగు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళకు అక్క వచ్చి అదే కుర్చీలో, అదే గొడుగు కింద కూర్చుని అపరాలు బాగుచేసుకునేది. కొన్ని గూళ్లు పోయాయి.

మాఘంలో ఒక రోజు నేను వెళ్లేసరికి ఇద్దరూ అక్కడే ఉన్నారు. అక్క తన కోసం ఇంకో కుర్చీ తెచ్చుకుంది. పైన పిల్లపక్షులు గూటి అంచున నిలబడి రెక్కలు విదిలిస్తున్నాయి. గోడ మీద ఒక కోతి కనిపించింది. బావ లేచి గెడ పట్టుకుని దాని కేసి నడిచాడు. అరవలేదు, అదిలించలేదు. దాని ఎదురుగా నిలబడ్డాడు, అంతే. అది ఆయన్ని, గెడను, చెట్టును చూసి, కాసేపు గోక్కుని, గోడ దిగి అవతలికి వెళ్లిపోయింది.

"మళ్లీ వస్తాది" అంది అక్క.

"రానీ" అని ఆయన వచ్చి కూర్చున్నాడు.