హుస్సేన్ సాహెబ్ బిగించిన బోల్టు

నాకు నోటి దురుసు. ఈ సంగతి మా ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటలున్న ప్రతి ఆసామికీ తెలుసు. ఐసు తెచ్చేవాడు పావుగంట ఆలస్యం చేస్తే వాడి ఏడు తరాలనూ గుంట కట్ట మీద నిలబెట్టి కడిగేస్తాను. ఆ తర్వాత టీ కూడా నేనే తాగిస్తాననుకోండి, అది వేరే సంగతి. "కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమయ్యా" అని నా భార్య సుభాషిణి వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. నేను విన్నదెప్పుడు! హుస్సేన్ సాహెబ్ గురించి చెప్పడానికి కూర్చుని నా గురించి ఎందుకు చెప్పుకుంటున్నానంటే, ఆయన బతుకులో ఈ నోరు చేసిన పని అలాంటిది.

సాహెబ్‌ది కోవూరు. రోడ్డు వారగా ఒక రేకుల షెడ్డు, బోర్డు కూడా ఉండదు. ముప్పైనాలుగేళ్లు అందులోనే బండ్ల కరెంటు పని చేశాడు. సన్నటి మనిషి. మెడదాకా గుండీలు పెట్టుకున్న తెల్లచొక్కా, దాని మీద మరక కనబడితే ఒట్టు. ఆయన పనిముట్టల్లా ఒక చిన్న బల్బు, దానికి రెండు వైర్లు. బండి ఒకసారి స్టార్టయి ఒకసారి కాకుండా ఏడిపిస్తుంటే నెల్లూరు నుంచి కూడా ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు.

అయితే ఆయన పద్ధతి ఆయనది. రోగం కళ్లముందు కనబడేదాకా స్పానరు పట్టడు. బండి తెచ్చిన రోజున స్టార్టయిందా, ఇక దాన్ని ముట్టుకోడు. మళ్లీ మొరాయించేదాకా పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఒక రోజైనా సరే, నాలుగు రోజులైనా సరే. "సాహెబ్ దగ్గర పెడితే బండికి కోవూరులో ఓటు వచ్చేస్తుంది" అని డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్లు. ఆయన నవ్వేవాడు, అంతే.

నా పికప్పు పదిహేనేళ్ల పాతది. రొయ్యల క్రేట్లు, ఐసు మోసి మోసి అరిగిపోయింది. ఉన్నట్టుండి దానికి ఈ జబ్బు పట్టుకుంది. పదిసార్లు బ్రహ్మాండంగా స్టార్టవుతుంది. పదకొండోసారి తాళం తిప్పితే "టక్" అని ఒక్క చప్పుడు, అంతే. కొత్త బ్యాటరీ వేయించాను, సెల్ఫ్ మోటారు విప్పించి బాగుచేయించాను. ఊహూఁ. తోసి స్టార్టు చేసుకోవడానికి వీలుగా ఎక్కడికి పోయినా పల్లం చూసుకుని బండి ఆపడం అలవాటైపోయింది. చివరికి విసిగిపోయి కోవూరు తీసుకుపోయాను.

సాహెబ్ బానెట్ ఎత్తలేదు. నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు. పొద్దున్నే మొరాయిస్తుందా, వేడెక్కినాకా? లోడుతోనా, ఉత్త బండా? కడిగిన రోజా, కడగని రోజా? నాకు ఒళ్లు మండింది. "బండికి జాతకం రాస్తున్నావా సాహెబ్?" అన్నాను. "రాయాలి గదా, నువ్వు రాయించలేదు కాబట్టి" అన్నాడు.

రెండు రోజులు నన్ను కూర్చోబెట్టి స్టార్టు చేయించాడు, ఆపించాడు. అది బుద్ధిమంతురాలిలాగా స్టార్టవుతూనే ఉంది. మూడోరోజు మిట్టమధ్యాహ్నం ఎండలో సంగం దాకా పోయి వచ్చాం. షెడ్డు ముందు ఆపి తాళం తిప్పితే, "టక్". నేను అలవాటు కొద్దీ తొయ్యడానికి కిందికి దూకాను.

"తొయ్యొద్దు! దొరికింది, దొరికింది, గమ్మునుండు!" అని సాహెబ్ అరిచాడు. ఆయన గొంతు పెంచడం నేను చూసింది ఆ ఒక్కసారే.

లైట్లు వేయమన్నాడు. అవి దివ్యంగా వెలిగాయి. "చూసినావా, బ్యాటరీ తప్పు లేదు" అన్నాడు. బల్బు వైరు ఒకటి బ్యాటరీ మైనస్‌కి, ఇంకొకటి ఇంజిన్‌కి ఆనించి తాళం తిప్పమన్నాడు. బల్బు వెలిగింది. "ఇది ఎలగకూడదబ్బయ్యా. ఎలిగిందంటే ఇంజిన్ నుంచి బ్యాటరీకి కరెంటు తిరిగొచ్చే దోవ చెడిపోయినట్టు" అని నా చెయ్యి పట్టి యాక్సిలేటర్ కేబుల్ మీద పెట్టాడు. చురుక్కుమంది. "పాపం, దోవ లేక దీన్ని పట్టుకొని వస్తా ఉండాది."

ఆ దోవ అంటే ఎర్త్ వైరు. ఇంజిన్‌ని ఛాసిస్‌కి, అంటే బండి చట్రానికి, కలిపే లావుపాటి వైరు. బండి కిందికి దూరి చూస్తే పైకి బాగానే ఉంది, లోపల మాత్రం పచ్చగా చిలుం పట్టి పొడి రాలుతోంది. క్రేట్లు దించినాక బండి వెనక తొట్టిని మేము కాలవలో ఉప్పునీళ్లతోనే కడుగుతాం. "రొయ్యకు గదా ఉప్పునీళ్లు కావాల్సింది, బండికి కాదు" అని సాహెబ్ చీవాట్లు పెట్టాడు. ఛాసిస్‌ని తళతళలాడేదాకా గీకి, కొత్త వైరు వేసి, బోల్టు బిగించాడు. ఆ పూట నేను ఆయనకు దణ్ణం పెట్టి వచ్చాను. అబద్ధం ఎందుకు, నిజంగానే పెట్టాను.

ఆరు వారాలు బండి పువ్వులాగా నడిచింది. ఏడో వారం ఒక గుంట దగ్గర రొయ్య ఎత్తి, నిండా లోడు వేసుకుని తాళం తిప్పాను. "టక్". చుట్టూ చదును నేల. తోసేవాళ్లూ లేరు, లాగేదానికి ట్రాక్టరూ లేదు. రెండు గంటలు ఎండలో నిలబడ్డాం. ఐసు కరిగిపోయి రొయ్య ఎర్రబారింది. ఆఖరికి ట్రాక్టరు తెచ్చిన మెకానిక్కు బండి కింద పడుకుని చూసి, "ఎర్త్ బోల్టు వేళ్లతోనే తిరగతా ఉండాది గదన్నా" అన్నాడు.

కోపంతో నాకు కళ్లు కనబడలేదు. బోల్టు బిగించుకుని నేరుగా కోవూరు పోయాను. షెడ్డు పక్కనున్న టీ కొట్టు దగ్గర ఐదారుగురు డ్రైవర్లు ఉన్నారు. వాళ్లందరి ముందూ అందుకున్నాను.

"బోల్టు బిగించడం కూడా చేతకాకపోతే షాపు మూసుకొని ఇంట్లో కూర్చో సాహెబ్! మూడు రోజులు కూర్చోబెట్టి నువ్వు చేసిన నిర్వాకం ఇదా? నీ మాట నమ్మి లోడు మొత్తం పోగొట్టుకున్నా!"

ఆయన లేచి నిలబడ్డాడు. "నేను బిగించలేదా?" అన్నాడు.

అది ఎదురుప్రశ్న కాదు. నిజంగానే నన్ను అడిగాడు. నాకు ఆ తేడా తెలిస్తే కదా! "నన్నడగతావేంది? చేసింది నువ్వా, నేనా?" అని ఇంకా రెచ్చిపోయాను. సాహెబ్ తన కుడిచెయ్యి వంక కాసేపు చూసుకున్నాడు. "మరిచిపోయుంటా. తప్పు నాదే. మన్నించు గంగాధరం" అన్నాడు. నేను మాత్రం గెలిచినట్టు మీసం దువ్వుకుంటూ వచ్చాను. థూ, నా బతుకు!

నెల తిరక్కుండానే షెడ్డుకు తాళం పడిందని విన్నాను. వయసైపోయింది, చూపు ఆనడం లేదంట అన్నారు. "నేను ఆరోజే చెప్పలా?" అని నలుగురిలో గొప్పలు కూడా పోయాను.

మరుసటి సంవత్సరం రొయ్య సీజను మొదట్లో తొట్టి అడుగు రేకు మళ్లీ తుప్పు పట్టింది. ప్రతి సీజనుకూ దానికి అతుకు వేయించడం మాకు మామూలే. వెల్డింగు సుశీల్ కుమార్ దగ్గరికి తీసుకుపోయాను. అతను మొహానికి అద్దం అడ్డం పెట్టుకుంటూ, "ఎర్త్ వైరు విప్పన్నా, పోయినసారి విప్పినావే అట్టా. లేకుంటే డైనమో కాలిపోతాది" అన్నాడు.

"పోయినసారి ఎవరు విప్పినారు?" అన్నాను.

"భలేవాడివే! నువ్వే గదా. కొత్త వైరు, సాహెబ్ వేసినాడు, జాగర్తగా విప్పతాను అన్నావు. పనైనాక స్పానరు నా దగ్గర ఉండె. ఇస్తా ఉండన్నా అంటే ఆగలా. గుంట కాడ ఐసు కరిగిపోతా ఉందని చేత్తోనే తిప్పేసి పరిగెత్తినావు. నేను ఎనక నుంచి అరస్తానే ఉండా."

నాకు గుర్తొచ్చింది. ఒక్కొక్కటే గుర్తొచ్చింది. వేళ్లకు అంటిన నల్లటి గ్రీజు, దాన్ని లుంగీకి తుడుచుకోవడం, సాయంత్రం స్పానరుతో బిగించుకుందాంలే అనుకోవడం. సాయంత్రానికి మరిచిపోయాను. సాహెబ్ బోల్టు బిగించిన నెలకి నేనే విప్పాను, నేనే వదులుగా వదిలేశాను, నేనే పోయి ఆయన్ని నలుగురిలో తిట్టి వచ్చాను. అక్కడే వెల్డింగు బల్ల మీద కూలబడ్డాను.

సుశీల్ కుమార్‌ని వెంటబెట్టుకుని అప్పటికప్పుడే కోవూరు పోయాను. సాహెబ్ ఇంటి దగ్గర ఆయన భార్య నూర్‌బీ తలుపు తీసింది. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు. తిప్పుకుని ఉంటే బాగుండేది. కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి కూర్చోమంది. నేను వచ్చిన పని చెప్పేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయనకు అంతకుముందు సంవత్సరం నుంచే మరుపు తమ్ముడూ" అంది తర్వాత. "కూరగాయలకు పోయి ఉత్త సంచితో వచ్చేవాడు. మనవరాలు మెహక్ పేరు తడుముకునేవాడు. డాక్టరు కాడికి పోదామంటే వినేవాడు కాదు. నా చేతులకు మరుపు రాలేదు నూర్‌బీ, షాపులో కూర్చుంటే అంతా సక్రమంగానే ఉంటాది అనేవాడు. ఆ ఒక్క ధైర్యంతోనే తిరిగినాడు. నువ్వు అరిచిపోయిన రోజు మధ్యాన్నానికే ఇంటికొచ్చేసినాడు. చేతులకు గూడా వచ్చేసింది, ఇయ్యాల రొయ్యలు పోయినాయి, రేపు మనిషి పోతాడు అన్నాడు. చేతిలో ఉన్న పనులు ముగించి తాళం ఏసినాడు. షాపు మూసినాక తొందరగా ముదిరిపోయింది తమ్ముడూ."

సాహెబ్ లోపలి నుంచి వచ్చాడు. అదే తెల్లచొక్కా. గుండీలు మాత్రం ఒకటి ఎగుడు, ఒకటి దిగుడు. నన్ను గుర్తుపట్టాడు. నేను ఆయన చేతులు పట్టుకుని మొత్తం చెప్పాను. వెల్డింగు సంగతి, స్పానరు సంగతి, చేత్తో తిప్పిన సంగతి. సుశీల్ కుమార్ కూడా "నిజం సాహెబ్, నా కళ్లముందే జరిగింది" అన్నాడు.

సాహెబ్ నవ్వాడు. "సాక్షిని గూడా తెచ్చినావా?" అన్నాడు. "జబ్బుపడినోడిని చూసేదానికి పండ్లు తెస్తారు. నువ్వు అబద్ధం తెచ్చినావు. మంచోడివి గంగాధరం."

"అబద్ధం కాదు సాహెబ్! నా బిడ్డల మీద ఒట్టు!" అని అరిచాను.

"ఒట్లెందుకులే" అని నా భుజం తట్టాడు. ఆరోజు నేను నోటికొచ్చినట్టు అరిస్తే నమ్మిన మనిషి, ఈరోజు బిడ్డల మీద ఒట్టేసినా నమ్మలేదు. నేను ఆయన ముందే ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో ఆయనకు అర్థం కాలేదు, నూర్‌బీని పిలిచి నాకు టీ పెట్టమన్నాడు.

టీ కొట్టుకు పోయి, ఆరోజు ఉన్న డ్రైవర్లలో దొరికినవాళ్లందరికీ తప్పు నాదేనని చెప్పాను. ఒకరిద్దరు "అయ్యో" అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఆ షెడ్డులో ఇప్పుడు ఎవరో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తున్నారు.

శుక్రవారం శుక్రవారం సాహెబ్ ఇంటికి పోయి వస్తున్నాను. ఈ మధ్య మెహక్‌ని ఎవరి పాప అని అడుగుతున్నాడు. నూర్‌బీని ఒక్కోసారి చనిపోయిన తన అక్క అనుకుంటాడు. నన్ను మాత్రం చూడగానే కుర్చీలోంచి లేస్తాడు. "నీ బండి బోల్టు బిగించడం మరిచిపోయినా అబ్బయ్యా, మన్నించు" అంటాడు. ప్రతి వారం అదే మాట. మొదట్లో కాదు కాదని నిజం చెప్పేవాణ్ణి. చెబితే ఆయన కంగారు పడేవాడు, ఆ రోజంతా అన్నం తినేవాడు కాదంట.

"మన్నించినానని చెప్పెయ్యి తమ్ముడూ, ఆయనకు అదే కావాల" అని నూర్‌బీ నన్ను బతిమాలింది.

అందుకని చెబుతున్నాను. "మన్నించినా సాహెబ్, పెద్ద విషయమేం కాదులే" అంటాను. ఆయన మొహం తేలికపడి మళ్లీ కూర్చుంటాడు. నా తప్పుకు ఆయన్ని మన్నించి, వాళ్లింటి టీ తాగి, బండెక్కి ఇంటికి వస్తాను.