పసుపు కలిపిన ఉప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉప్పుకు కాళ్లొచ్చాయి. భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ఊరు మాది. సంతలో తెచ్చిన కల్లుప్పు నెలంతా రావాల్సింది, వారం తిరక్కుండానే జాడీ అడుగు కనిపించేది.

ఆ రోజుల్లోనే మా ఇంట్లోనే ఉండే మేనత్తకు జబ్బు చేసింది. కాళ్లూ చేతులూ కొంకర్లు పోయేవి. కళ్లలో ఇసుక పోసినట్టుందని నులుముకునేది, నోరెండిపోతోందని చెంబులకు చెంబులు నీళ్లు తాగేది. మా నాయనమ్మ ఈ రెంటికీ ముడిపెట్టింది. కొత్తగా కాపురానికొచ్చిన చిన్నమ్మే ఉప్పు ఎత్తుకెళ్లి అత్తకు ఏదో చేయిస్తోందని ఆమె అనుమానం. ఇంటిల్లిపాదీ నమ్మింది. చిన్నమ్మ పెరట్లోకి వెళ్తే చాలు, ఎవరిదో ఒక కన్ను ఆమె వెంటే ఉండేది. చివరికి నాయనమ్మ బాబాయితో, "పొద్దుగాల బస్సుకు నీ పెండ్లాన్ని వాళ్లింట్ల దింపిరా. మళ్ల తేవద్దు" అనేసింది. చిన్నమ్మ మూట కట్టుకుని ఏడుస్తూ కూర్చుంది.

మా తాతయ్యకు మాత్రం ఎవరి మీదా నమ్మకం లేదు, నాయనమ్మ మీద కూడా. ఆ సాయంత్రం వంటయ్యాక, చీకట్లో తీసేవాళ్లకు రంగు తెలియదని, జాడీలోని ఉప్పుకు పసుపు పట్టించి ఊరుకున్నాడు. మర్నాడు బస్సు వేళకు ముందే అందరినీ నిలబెట్టి అరచేతులు, నాలుకలు చూపమన్నాడు. నాయనమ్మనూ వదల్లేదు. చిన్నమ్మ చేతులు శుభ్రంగా ఉన్నాయి. మేనత్త వేళ్లూ నాలుకా పసుపుపచ్చగా ఉన్నాయి.

"ఏం జెయ్యాలె నాయనా, ఉప్పు దిక్కే పాణం గుంజుతది. తింటెనే జర లేవగల్గుతున్న" అని అత్త ఏడ్చింది.

"ఒంట్ల ఏదో తక్కువైతే గట్ల గుంజుతది గావచ్చు బిడ్డా. దొంగతనంగ ఎందుకు, అడిగి తిను" అన్నాడు తాతయ్య. చిన్నమ్మ మూటను తనే లోపల పెట్టాడు. అత్త ఎక్కువ కాలం బతకలేదు. ఏ దవాఖానాలోనూ జబ్బు పేరు చెప్పలేకపోయారు.

ఇన్నేళ్లకు మా అమ్మాయికి అవే కొంకర్లు, అవే పొడికళ్లు. పచ్చడి జాడీలో ఊట జుర్రుకుంటుంటే చూసి నాకు అత్త గుర్తొచ్చింది. ఖమ్మంలో డాక్టరమ్మకు అత్త సంగతి చెబితే రక్తం, మూత్రం, జన్యు పరీక్షలు చేయించింది.

"పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుందమ్మా. అదొక్కటే ఇన్నాళ్లు ఏం జెయ్యలే. రోగాల నుంచి కాపాడాల్సిన శక్తి ఇప్పుడు ఆమె ఒంటి మీదనే తిరగబడ్డది. రెండు కలిసేసరికి కిడ్నీలు ఉప్పును ఆపలేకపోతున్నయ్, మూత్రంలో పోతున్నది" అంది. కంచే చేను మేయడమంటే ఇదే కాబోలు. మందులు పడి అమ్మాయి లేచి తిరిగేదాకా ఆ మాటనూ నేను నమ్మలేదు. అత్తదీ ఇదేనా అంటే, కావచ్చు, ఇప్పుడెట్ల చెప్పగలం అంది.

దొంగలు ఒంట్లోనే ఉంటే, మేము బయటి నుంచి వచ్చిన పిల్లను పట్టుకున్నాం. చిన్నమ్మ ఆ తర్వాత బతికినన్నాళ్లూ మా ఇంట్లో ఉప్పు ముట్టలేదు. కూర ఉడుకుతుంటే నన్నే పిలిచేది. ఎవరి మీదైనా అనుమానం కలిగినప్పుడల్లా ఇప్పటికీ ఆ పిలుపు నాకు వినిపిస్తుంది: "జర ఉప్పేసి పో బిడ్డా, నేను ముట్ట."