తలుపు అవతలి పంతులమ్మ

మంగళవారం పొద్దున మా పంతులమ్మ పోయారు. కాచిగూడలో ఆమె కిరాయికుండే గది యజమాని రిక్షా కట్టించుకుని వచ్చి మరీ చెప్పి వెళ్లాడు. నాంపల్లిలో సొంత ఇల్లు పెట్టుకుని కాచిగూడలో ఎందుకుండేదని ఆమెను ఎరగనివాళ్లు అడుగుతున్నారు. అది చెప్పాలంటే ముందు ఒక ఇన్‌స్పెక్టరు గురించి చెప్పాలి.

నాంపల్లి స్టేషను వెనక సందులో ఆమె ఇల్లు. ముందు హాలు, వెనక వంటిల్లు, మధ్యన ఒక తలుపు. భర్త పోయాక ఆ హాల్లో చాపలు పరిచి చుట్టుపక్కల ఆడపిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. అప్పట్లో సర్కారు బళ్లలో చదువంతా ఉర్దూలోనే. పైగా మా ఇళ్లలో ఆడపిల్లను ఆబిడ్స్ పెద్ద రోడ్డు దాటనిచ్చేవాళ్లు కాదు. కాబట్టి మాకు అదే బడి. ఆమె వంటింట్లో పప్పు ఎనుపుతుంటే మేము హాల్లో ఎక్కాలు అప్పజెప్పేవాళ్లం. ఒక ఎక్కం సరిగ్గా అయిందంటే తలుపు అవతల నుంచి "ఔ బిడ్డా, మల్ల?" అని వినిపించేది. తప్పితే గరిటె చప్పుడు ఆగిపోయేది. ఆ ఆగడం చాలు, మా ప్రాణాలు పోయేవి!

పోలీసు చర్యతో నిజాం పాలన పోయాక కొత్త సర్కారు ప్రైవేటు బళ్ల లెక్క తీయడం మొదలుపెట్టింది. మంజూరీ లేని బడి పిల్లల్ని మిడిల్ పరీక్షకు కూర్చోనివ్వరని సందంతా గుప్పుమంది. మా బాపు అమ్మతో తేల్చి చెప్పాడు. "మంజూరీ రాకుంటే పిల్లను మాన్పిస్త. పరీక్ష లేని చదువు ఏం జేసుకోను?" నాకు ఆ పూట అన్నం సహించలేదు.

ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసి మా తల్లులు చేసిన నిర్వాకం తలచుకుంటే ఇప్పటికీ నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. బయటి మగమనిషి ఆడపిల్లల్ని చూడటానికి ఇంటికొస్తే ఏం చేయాలో వాళ్లకు తెలిసింది ఒక్కటే. మాకు తలంట్లు పోశారు, పట్టు లంగాలు కట్టారు, జడల నిండా పూలు తురిమారు. బేగం బజార్ నుంచి మిఠాయి తెప్పించారు. "తల లేపకుండ్రి. గట్టిగ మాట్లాడకుండ్రి. మర్యాదగ ఉండుండ్రి" అని బుద్ధులు చెప్పి పంపారు. అందరం పెళ్లిచూపులకు కూర్చున్నట్టు నేల చూపులు చూస్తూ కూర్చున్నాం.

పాపం, ఇన్‌స్పెక్టరు మెతక మనిషి. "పన్నెండో ఎక్కం చెప్పమ్మా" అని ఒకరిని అడిగాడు. ఆ పిల్ల లంగా అంచు వేలికి చుట్టుకుంది. పక్క పిల్లను అడిగాడు. ఆ పిల్ల ఇంకాస్త వంగింది. నన్ను అడిగాడు. నాకు పదహారో ఎక్కం దాకా వచ్చు, అయినా నోరు పెగల్లేదు. కిటికీలోంచి చూస్తున్న మా అమ్మ మెచ్చుకోలుగా తలాడిస్తోంది!

"ఏందమ్మా, పిల్లలకు ఏం రాదా?" అన్నాడాయన.

"సాబ్, జర గీ వంటింట్లకు రాండ్రి" అన్నారు పంతులమ్మ. ఆయన తెల్లబోయాడు. ఆమె లోపల పీట వేసి ఆయన్ను కూర్చోబెట్టి, మధ్య తలుపు మూసి, "ఇగ అడుగుండ్రి" అన్నారు.

తలుపు అవతల నుంచి అదే ప్రశ్న వచ్చింది. అది మాకు అలవాటైన తలుపు. నేనే ముందు అందుకున్నాను. ఎక్కం చెప్పి ఆగగానే లోపలి నుంచి "ఔ బిడ్డా, మల్ల?" అని పంతులమ్మ గొంతు వినిపించింది. ఇంకేముంది! ఎక్కాలు, నదులు, పద్యాలు, ఒకరిని మించి ఒకరం అరిచాం. తలుపు తీసుకుని బయటికొచ్చిన ఇన్‌స్పెక్టరు నవ్వాపుకోలేకపోయాడు.

నవ్వు నవ్వే, రూలు రూలే. "చదువుకు వంక పెట్టలేనమ్మా. కాని సంసారం ఉన్న ఇంట్లో బడికి మంజూరీ రాయలేను. పొయ్యి పొగలో పిల్లలు దగ్గుతున్నరు. బడికి వేరే జాగా చూపించాలె" అన్నాడు.

ఆయన సందు మలుపు తిరిగాడో లేదో తల్లులు తిట్లు లంకించుకున్నారు. మిఠాయి తిని గిట్లా జేసిండని మా అమ్మ శాపనార్థాలు. పంతులమ్మ మాత్రం తిట్టలేదు. "పిల్లలు యాడ కూసుంటున్నరు, ఏం పీలుస్తున్నరు అని అడిగేటోళ్లు ఉండాలె. ఆయన అడిగిండు. అండ్ల తప్పేంది?" అన్నారు. కాసేపు హాలంతా కలయజూసి, "బడికి వేరే ఇల్లు యాడ తెస్త? నేనే వేరే ఇల్లు జూసుకుంట" అన్నారు.

అన్నట్టే ఒక ట్రంకు పెట్టె, నాలుగు గిన్నెలతో కాచిగూడ వెళ్లిపోయారు. పొయ్యి తీసేసి వంటింటిని రెండో తరగతి చేశారు. మంజూరీ వచ్చింది. మా బాపు మాట మీద నిలబడ్డాడు, నేను పరీక్ష రాశాను. ఆనాటి నుంచి ఆమె మధ్యాహ్నం సద్ది డబ్బా బయట అరుగు మీదే విప్పేవారు. లోపల తినొచ్చు కదా అంటే "గిది బడి బిడ్డా, నా ఇల్లు గాదు" అనేవారు. నాకు ఉక్రోషం వచ్చేది.

చాలా కాలం నాకు ఆ రూలంటే మంట. ఇప్పుడు అదే హాల్లో నేను చిన్నపిల్లలకు చెబుతున్నాను. గాలీ వెలుతురూ లేని గదుల్లో పిల్లల్ని కుక్కి నడిపే బళ్లూ చూశాను. రూలు ఉండాల్సిందేనని ఒప్పుకుంటాను. అయినా అరుగు మీద ఆ సద్ది డబ్బా గుర్తొస్తే మనసు కలుక్కుమంటుంది. రెండూ నిజమే, ఏం చేయను?

మంగళవారం మధ్యాహ్నం ఆమెను నాంపల్లి తీసుకొచ్చాం. ఇన్నేళ్లకు ఆమె మళ్లీ తన ఇంట్లో, పిల్లలు కూర్చునే చోటే పడుకున్నారు. కొత్తగా చేరిన ఒక పిల్ల ఉంది. ఎదురుగా మనిషి ఉంటే నోరు తెరవదు. ఆ పిల్లను పంతులమ్మ రోజూ పాత వంటింట్లో ఉంచి తలుపు మూసి, ఇవతల నిలబడి పాఠం అప్పజెప్పించుకునేవారు. ఆ పిల్ల ఎవరితో ఏమీ అనకుండా లోపలికి వెళ్లి తలుపు మూసుకుంది. రెండో ఎక్కం మొదలుపెట్టింది.

"ఏంది గిది, పీనుగ ముందట?" అని ఎవరో పెద్దావిడ లేవబోయింది. మా అమ్మ ఆమె చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఎక్కం అయిపోయింది. తలుపు అవతల ఆ పిల్ల ఆగిపోయింది. ఇల్లంతా ఏడుపు మాని అటే చూస్తోంది.

నేను లేచి తలుపు దగ్గరికి వెళ్లాను.

"ఔ బిడ్డా, మల్ల?" అన్నాను.

మూడో ఎక్కం మొదలైంది.