మా వియ్యపురాలి వాకిట్లో తేనెటీగలు

మా వియ్యపురాలు పోయారని అల్లుడు ఫోన్ చేస్తే నేను ఆ అబ్బాయిని కోప్పడ్డాను. "ఏం మాటలవి? ఇందాకే కదా నాతో మాట్లాడారు," అన్నాను. నిజంగానే మాట్లాడారు. ఆ ఉదయమే నోయిడా నుంచి ఫోన్ చేసి, ఆదివారం వచ్చి బంతి నారు పట్టుకెళ్ళమని, నారు చుట్టడానికి పాత పేపర్లు కూడా తెమ్మని పురమాయించారు. వసంత్ కుంజ్‌లో నేనింకా పొయ్యి మీద అన్నం పెట్టనైనా లేదు, ఈలోగా ఆ మనిషి లేరట. మొక్కలకు నీళ్ళు పోసి, మెట్టు మీద కూర్చుని కాఫీ అడిగారట. మా అమ్మాయి గ్లాసు తెచ్చేసరికి గోడకు ఆనుకుని, కళ్ళు తెరిచే ఉన్నారట. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు.

షుగరు నాకు, బి.పి. నాకు, మోకాళ్ళ నొప్పులు నాకు. ఆవిడ తలనొప్పి మాత్ర వేసుకోవడం కూడా నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరిలో ముందు వెళ్ళాల్సినదాన్ని నేను. ఇదేం లెక్కో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నెలలు గడుస్తున్నా ఫోన్ మోగితే ఆవిడే అనుకుని లేస్తున్నాను.

వియ్యపురాలి గురించి మంచిగా రాసేవాళ్ళు తక్కువ. మగపిల్లాడి తల్లి అనగానే మనకు ముందు గుర్తొచ్చేవి పట్టుచీరలు, అలకలు. నేనూ అన్ని అలకలకీ సిద్ధపడే పెళ్ళి చేశాను. విజయనగరం మనిషి, చిన్నతనంలోనే భర్త పోతే ఢిల్లీలో గుమాస్తా ఉద్యోగం చేసి ఒక్కగానొక్క కొడుకును పెంచుకున్న మనిషి. ఇలాంటివాళ్ళు గట్టిగా ఉంటారని అందరూ నన్ను భయపెట్టారు. తీరా పెళ్ళిలో ఆవిడకు నచ్చనిది ఒక్కటే. మండపమంతా ముద్దబంతి పూలు కట్టించాం.

"ఏటండీ వదినగారూ, ఇన్ని పూలు కట్టేరు, ఒక్క తేనెటీగకైనా పనికొచ్చేది ఉందా?" అన్నారు నా చెవిలో.

"తేనెటీగలు పెళ్ళికి రావు కదండీ!"

"పిలిస్తే కదా," అన్నారు.

ముద్దబంతి మన కళ్ళకు, రేకబంతి ఈగలకు అనేవారు. ముద్దబంతిలో రెక్కలు కిక్కిరిసి ఉంటాయి, ఈగకు మూతి దూరే సందుండదు. ఒంటి వరస రెక్కల బంతిలో అయితే నడిమధ్యన తేనె తెరిచే ఉంటుంది. ఇంత వయసొచ్చి, ఇన్ని వ్రతాలకు మాలలు కట్టి, ఆ సంగతి నేను పెళ్ళి మండపంలో తెలుసుకున్నాను.

ఆవిడకు ఈ పిచ్చి బీరకాయ వల్ల పట్టింది. నోయిడాలో ఆ ఇంట్లో చేరిన కొత్తలో వాకిట్లో బీరపాదు పెట్టారు. తీగ డాబా ఎక్కింది, పూత విరగబూసింది, కాయ మాత్రం లేదు. పిందె పడ్డట్టే పడి, పండుబారి రాలిపోయేది. పొలాలు చదును చేసి సెక్టార్లు వేశారు, ఎటు చూసినా ఇటుకలూ సిమెంటూ, ఇక పుప్పొడి మోసే ఈగలెక్కడివి? ఆవిడ బజారుకు పోలేదు, ఎవరినీ అడగలేదు. పోపుల డబ్బాలోంచి గుప్పెడు ఆవాలు చల్లారు. ధనియాలు అరచేత్తో నలిపి చల్లారు. తులసి కంకులు తుంచకుండా వదిలేశారు. ఆ పూలకు ఈగలొచ్చాయి, రెండో ఏడాది పాదు నిండా బీరకాయలు. పెళ్ళయ్యాక అవి మా ఇంటిదాకా వచ్చాయి. వాళ్ళ పక్కింటి సర్దార్నీ ఆంటీ తన పాదుకు కాసిన సొరకాయ పట్టుకొచ్చి, "దీదీ, యే ఆప్కీ మక్ఖియోఁ కా హై," ఇది మీ ఈగల పుణ్యమే అని ఇచ్చి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను.

నాకు ఒళ్ళు మండేది ఆ కొత్తిమీర దగ్గరే. లేతగా ఉన్నప్పుడు కోయనిచ్చేవారు కాదు. తెల్లగా పూతకొచ్చి ముదిరిపోతుంటే చూస్తూ ఊరుకునేవారు.

"పీకేయండీ, పచ్చడైనా చేసుకుందాం," అన్నాను ఒకసారి.

"కోసీకండి వదినగారూ. కోస్తే మనిద్దరికీ పచ్చడి. ఉంచితే వీధందరికీ కూర."

పూజకు కూడా ఆ వాకిట్లో పువ్వు తెగేది కాదు. తెల్లవారుజామున సంచులు పట్టుకుని గోడల మీదుగా పూలు కోసుకెళ్ళే భక్తులు ఢిల్లీలో ప్రతి కాలనీలోనూ ఉంటారు. వాళ్ళను ఆవిడ గేటు దగ్గరే ఆపి, కాఫీ ఇచ్చి, ఖాళీ సంచులతో పంపేవారు. తాను మాత్రం గుడి ముందు కొన్న పూలే దేవుడికి పెట్టేవారు. "దేవుడు కొన్న పూలతో సర్దుకుంటాడు. పాపం ఈగలు బజారుకెళ్ళలేవు కదండీ," అనేవారు. నాస్తికురాలని ఒకావిడ ప్రచారం కూడా చేసింది. విని నవ్వుకున్నారు.

ఆవిడకు ఉన్న ఒక్క తగువూ కొడుకుతోనే. అల్లుడు కారు కొన్నాడు. వీధిలో పెడితే స్టెప్నీ ఎత్తుకుపోయారు, తర్వాత లోపలి టేపురికార్డరూ పోయింది. చుట్టుపక్కల అందరూ వాకిళ్ళు సిమెంటు చేయించి కారు లోపల పెట్టుకుంటున్నారు. "అమ్మా, గాడీ ఎక్కడ పెట్టుకోను చెప్పు?" అని ఆ అబ్బాయి అడగడంలో తప్పేమీ లేదు. ఆవిడా కాదనలేదు. "సరే నాన్నా. ఈ పూలు అయిపోనీ, వేయించీ," అన్నారు.

అబ్బాయి సరేనన్నాడు. ఆవాల పూత అయ్యేసరికి కొత్తిమీర పూసింది. అది ఎండేసరికి రేకబంతి. ఆ తర్వాత తులసి, దాని వెనకే బీర. ఆ ఇంట్లో పూలు అయిపోయిన రోజంటూ రాలేదు. ఆవిడ ఏం చేస్తున్నారో నాకు మొదటి ఏడాదే తెలిసిపోయింది, చెప్పలేదు. అల్లుడికి రెండేళ్ళు పట్టింది. ఈసారి చలి తగ్గగానే, ఇక తల్లిని అడిగేది లేదని, ఇసుకకు చెప్పి వచ్చాడు. తల్లీకొడుకులు మాట్లాడుకోవడం మానేశారని మా అమ్మాయి ఫోన్లో చెప్పి బాధపడింది. అలా మాటల్లేకుండానే ఆవిడ వెళ్ళిపోయారు.

పెద్దకర్మ అయిన మర్నాడు గేటు ముందు ట్రాక్టరు ఆగింది. ట్రాలీ నిండా ఇసుక. వద్దని చెప్పడం ఎవరికీ గుర్తులేదు. "కహాఁ గిరావూఁ, సాబ్? అందర్?" ఎక్కడ పోయాలి, లోపలేనా అని డ్రైవరు కేకేశాడు. అల్లుడు గుండుతో బయటికొచ్చి నిలబడ్డాడు. మాట నా నోటిదాకా వచ్చింది, మింగేశాను. పిల్లనిచ్చినవాళ్ళం. ఆ వాకిలి గురించి నేను నోరెత్తితే రేపు మా అమ్మాయి మాట పడాల్సి వస్తుంది. మా అమ్మాయి కూడా గుమ్మం పట్టుకుని మొగుడి వంకే చూస్తోంది. వాకిట్లో కొత్తిమీర తెల్లగా పూసి, జుమ్మంటోంది.

"నహీఁ భయ్యా, బాహర్," అన్నాడు అల్లుడు. "అభీ ఫూల్ హైఁ." బయటే పోయమని, ఇంకా పూలున్నాయని.

"తో క్యా హువా?" అన్నాడు డ్రైవరు, పూలుంటే ఏమిటో అర్థంకాక.

తల్లి పోయినప్పటి నుంచి కంటతడి పెట్టని పిల్లాడు, ఆ ఇసుక బండి ముందు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ నా కూతుర్ని కన్నబిడ్డలా చూసుకున్నారు. ఆవిడ బిడ్డను నేను దగ్గరికి తీసుకున్నాను, అంతకంటే ఏం చేయాలో నాకు తెలియలేదు.

ఇసుక గోడ బయటే ఉండిపోయింది. ఇప్పుడు ఎండలు ముదిరి, వడగాలికి ఆ ఇసుక ఇళ్ళలోకి కొడుతోందని మా అమ్మాయి పొద్దున్నే దాని మీద నీళ్ళు చల్లుతోంది. ఆ తడికి తేనెటీగలు వచ్చి, వరసలుగా వాలి నీళ్ళు తాగుతున్నాయి. మొన్న నేను వెళ్ళేసరికి అల్లుడి కారు ఆ కుప్పను ఆనుకుని ఉంది. ఆఫీసుకు వేళ దాటిపోతోంది. తాళం చేత్తో పట్టుకుని, అవి తాగి లేచేదాకా, ఆ అబ్బాయి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.