మా గల్లీకి తెచ్చుకున్న కేసు

ఇవాళ పొద్దున పక్కింటావిడ వచ్చి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించింది. మైనరు కొడుకు మీద వేరే జిల్లాలో దొంగతనం కేసు పడిందట. పిల్లల కేసులు చూసే బోర్డు అక్కడే విచారిస్తోందట. కావాలంటే ఇక్కడి బోర్డుకు మార్పించుకోవచ్చని వకీలు చెప్పాడట. "మావోడు ఏం జెయ్యలేదక్కా. గానీ ఆడ్నే అయిపోతే ఎవ్వరికీ ఎర్క గాదు గదా" అంది. నాకు ఒళ్లు మండింది. ముందు చాయ్ పోసిచ్చి, తర్వాత మా పెద్దమ్మ సంగతి ఎత్తుకున్నాను.

అమ్మ పోయాక నన్ను పెంచింది పెద్దమ్మే. ఛత్రినాకలో ఆవిడ నోటికి జడవనివాళ్లు లేరు. ఆవిడ వస్తోందంటే కూరగాయల బండివాడు తరాజు సరిచేసుకునేవాడు. పెళ్లి మండపాలకు పూలు కట్టడం ఆవిడ పని. నాకు పదిహేనేళ్లప్పుడు వేరే జిల్లాలో ఓ పెళ్లికి నన్నూ తీసుకెళ్లింది. తడిగుడ్డల్లో చేమంతులు, వేళ్లనిండా దారం కోతలు, మధ్యలో దొంగచాటుగా తిన్న రెండు లడ్డూలు. పెళ్లి అయ్యేసరికి పెళ్లికూతురి మేనత్త గొలుసు కనిపించలేదు. బయటి ఊరివాళ్లం మేమే. పూలజడ ఇవ్వడానికి పెళ్లికూతురి గదిలోకి వెళ్లింది నేనే. ఇంకేం కావాలి! నా సంచిలో మల్లెమొగ్గలు తప్ప ఏమీ దొరకకపోయినా కేసు రాశారు.

అక్కడి బోర్డు నన్ను పెద్దమ్మతో ఇంటికి పంపింది గానీ, వాయిదా ఉన్నప్పుడల్లా బస్సెక్కాల్సిందే. ఓ వాయిదానాడు వరండాలో పెళ్లివారి పెద్దమనిషి మెత్తగా అన్నాడు: "తీసిన అని ఒప్పుకో బిడ్డా. తిట్టి ఇడిచిపెడ్తరు. మీ దిక్కు ఎవ్వరికి తెల్వది." మా బాబాయిదీ అదే పాట. ఆడపిల్ల, రేపు పెళ్లి కావాలి, ఎక్కడిదక్కడే పూడ్చిపెట్టాలట. పెద్దమ్మ ఇద్దరినీ కలిపి కడిగేసింది. నేరుగా వకీలు దగ్గరికి వెళ్లి, "కేసును మా పట్నానికి తెప్పియ్యి సారూ. పిల్ల ఎసొంటిదో ఎర్కున్నోళ్ల నడుమ అడగాలె" అంది. మా ఇల్లు ఇక్కడే కాబట్టి దరఖాస్తు ఒప్పుకుని కేసును ఇక్కడి బోర్డుకు మార్చారు.

కేసు వెనకాలే, నా నడత గురించి ఆరా తీయడానికి బోర్డు పంపిన ఓ ఆఫీసరు వచ్చాడు. పాపం, మంచివాడు. "లోపల కూసొని మాట్లాడుదామమ్మా, పిల్ల పేరు బయటికి రావద్దని చట్టమే చెప్తది" అన్నాడు. పెద్దమ్మ ఇంట్లో కుర్చీ తెచ్చి, పిండి గిర్నీ ముందు, నడి గల్లీలో వేసింది.

"దొంగదైతే దాచిపెట్టు సారూ. నా బిడ్డ దొంగ గాదు, ఎందుకు దాస్త? అడుగు, గల్లీ మొత్తం ఈడ్నే ఉన్నది!"

నేను సిగ్గుతో గోడకు అతుక్కుపోయాను. నిమిషంలో జనం చేరారు. ఒక్కరు పొగిడితే ఒట్టు! పిల్లకు నోరు మస్తు అన్నారు, కిటికీ అద్దం పగలగొట్టిందన్నారు. కిరాణా సేటు, "జవాబుకు జవాబు చెప్తది సార్, మొండిది. గానీ నేను తిననీకె పోతే దుకాణం ఈమెకే అప్పజెప్పి పోత" అన్నాడు. ఆఫీసరు నవ్వాపుకుంటూ రాసుకున్నాడు. "మరి దొంగతనం?" అనగానే, నల్లా దగ్గర రోజూ నాతో కొట్లాడే ముసలామె ఎగిరిపడింది.

"గట్ల చేసేదైతే నేనే ముందుగాల పోలీసోళ్లకు పట్టిస్తుంటి గదయ్యా!"

రుజువు లేదని బోర్డు కేసు కొట్టేసింది. గొలుసు దొరికిందో లేదో మాకెవరూ చెప్పలేదు, తప్పయిందన్నవాడూ లేడు. నా పెళ్లి ఈ గల్లీలోనే అయింది. మండపానికి పూలు పెద్దమ్మే కట్టింది.

పక్కింటావిడ చాయ్ చల్లారిపోయింది. "వకీలు తానికి నువ్వు గూడ వస్తవా అక్కా?" అంది, ఈసారి గొంతు తగ్గించకుండానే. "వస్త. ఆఫీసరొచ్చిన నాడు కుర్చీ గూడ నేనే ఏస్త" అన్నాను.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది, గిర్నీ ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. కాలం అన్నీ మరిపిస్తుందంటారు. మరిపించనీ, నడి గల్లీలో ఆ కుర్చీ వేసిన పొద్దును మాత్రం దాని చేతికివ్వను.