ప్రమాణమైన ముంజేయి

పసిపిల్లల ఒంటికి రాసే లోషన్లు తయారుచేసే ఆ చిన్న కార్ఖానాలో పరీక్షల గది లేదు. దాని బదులు డ్రమ్ము మాస్టారి ఎడమ ముంజేయి ఉండేది. నూనె, మైనం, నిల్వమందు, సువాసన పెద్ద డ్రమ్ములో కలిపి చిలకడం ఆయన పని. కొత్త సరుకు దిగగానే చొక్కా చెయ్యి మడిచి, కాస్త పూసుకుని, భోజనాల వేళ దాకా ఆగేవాడు. చర్మం ఎర్రబడకపోతే సీసాల మీద 'పసిచర్మానికి సురక్షితం' అన్న చీటీ పడేది.

ఎన్నడూ ఎర్రబడలేదు. వయసులో ఉండగా సబ్బుల బట్టీ దగ్గర కాస్టిక్ సోడాలో నానీ నానీ ఆ చెయ్యి పాత చెప్పు అట్టలా తేలింది. సాక్షి అన్నవాడు నిర్లిప్తుడై ఉండాలంటారు వేదాంతులు. ఈ సాక్షి ఆ ఆదర్శాన్ని అందుకోవడమే కాదు, దాటి కూడా పోయాడు.

"నా చెయ్యి అబద్ధమాడదు" అనేవాడు మాస్టారు. నోరు పడిపోయినవాడి సత్యసంధతను శంకించడం ఎవరి తరం?

కూతురు చంటిపిల్లతో నాలుగు రోజులుండి పోదామని వచ్చినప్పుడు, పూలవాసన గుప్పుమనే కొత్త సీసా ఒకటి ఇంటికి తెచ్చాడు.

"ఇంత వాసనేంటి నాన్నా? పసిదానికి వాసనలున్నవి రాయొద్దంది డాక్టరమ్మ."

"ఆవిడ పుస్తకం చూసి చెప్తుందే. నేను చెయ్యి చూసి చెప్తాను. ఇటివ్వు నా బంగారాన్ని!"

కూతురు కాదనేలోగా మనవరాలి మెడకు పట్టించేశాడు. సాయంత్రానికి మెడంతా ఎర్రటి దద్దుర్లు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. కూతురు మెడ కడిగి, తడిగుడ్డ అద్దుతోంది. మాస్టారు మాత్రం చీమ కుట్టిందన్నాడు, ఉక్కపోత అన్నాడు, పళ్లొస్తున్నాయన్నాడు. పళ్లు మెడ మీద మొలవవన్న సంగతి ఆ క్షణాన ఆయనకు తట్టలేదు.

"నా చేతికేం కాలేదే! ఇదుగో, చూడండి" అంటూ ఆయన ముంజేయి చాపి వాదిస్తుండగా, భార్య పొగలు కక్కే టీ గ్లాసు తెచ్చి దానికి ఆనించింది. ఆయన వాదన ఆగలేదు.

"కాలట్లేదా అండీ?"

"ఏంటి కాలేది?"

"సరిపోయింది! ఊళ్లో పిల్లలందరి ఒళ్ల సంగతీ ఈ కట్టెని అడిగి చెప్తున్నారన్నమాట!"

మాస్టారు చేతిని చూసుకున్నాడు. గ్లాసు ఇంకా దానికి ఆనుకునే ఉంది.

మర్నాడు ఆ సరుకే లారీ ఎక్కబోతోంటే అడ్డం నిలబడ్డాడు. "వాసన వెయ్యకుండా మళ్లీ కలుపుదాం బాబూ."

యజమాని నవ్వాడు. "వాసన లేకపోతే ఎవరు కొంటారు మాస్టారూ? మూత తీసి ముక్కుతోనే కదా కొనేది! అయినా మీ చెయ్యి సరేనందిగా?"

"దానికి తెలివి పోయి చాలాకాలమైంది. ఈసారి మీ మెడ చెప్పాలి" అని వేలికి లోషన్ తీసుకుని మాస్టారు ముందుకొచ్చాడు. యజమాని ఎగిరి గంతేశాడు.

"అబ్బే, నాకొద్దు! నాకు వాసనలు పడవు, ఒళ్లంతా దద్దుర్లొస్తాయి!"

"మా మనవరాలికీ వచ్చాయి బాబూ."

ప్యాకింగు బల్ల దగ్గర పని ఆగిపోయింది. అందరూ వింటున్నారని గ్రహించిన యజమాని గొంతు సవరించుకుని, పెట్టెలు దించమన్నాడు. కానీ వ్యాపారబుద్ధి ఊరుకోదు కదా. తీరిగ్గా బల్లకేసి తిరిగి, "ఇక్కడ మెత్తటి చెయ్యి ఎవరికుంది?" అని అడిగాడు.

ప్యాకింగు ఆడవాళ్లందరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు.