పంటి మీది గాడి

నా చిన్నప్పుడు, నా పుర్రెలో ఏమీ లేదని బళ్ళో మాస్టారు తేల్చేశారు. ఆయన మాట మీద గౌరవం కొద్దీ ఐదుతో చదువు మానేశాను. నిజంగా ఏమీ లేని పుర్రె ఎలా ఉంటుందో ఆ ఏడాదే చూశాను.

అరకు కొండల్లో మావాళ్ళు అప్పుడప్పుడే కాఫీ వేస్తున్నారు. మా నాయనమ్మ తన వాలులో గోతులు తీయిస్తుంటే, పెద్ద రాతిపలక కింద పుర్రె బయటపడింది. తవ్వేవాళ్ళు గునపాలు పడేసి వెళ్ళిపోయారు. దాన్ని కొండ దాటిస్తేగానీ ఆ వాలులో కాలు పెట్టం అన్నారు. సంచుల్లో మొక్కలు వాడిపోతున్నాయి. పాత ఎముకలు చూసి ఆ మనుషులు ఎలా బతికారో చెప్పే మేడమ్ ఒకామె కబురు అందుకుని జీపులో వస్తే, మా నాయనమ్మకి ప్రాణం లేచొచ్చింది. "బేగి పట్టుకుపో తల్లీ" అంది.

ఆ రోజు మధ్యాహ్నమైనా మంచు విడవలేదు. పిట్ట కూడా కూయలేదు. మేడమ్ గోతి పక్కన బోర్లా పడుకుని కుంచెతో మట్టి దులిపింది. ఆడమనిషే అంది. మా ముత్తాతల ముత్తాతలకి కూడా తెలియనంత పాత మనిషట. తర్వాత ముందుపన్ను చూపించింది. అంచున సన్నటి గాడి. బతికినంతకాలం ఏదో నారని పళ్ళతో పట్టి లాగిందనీ, ఆ రాపిడికే అరిగిందనీ చెప్పింది.

నేనింకా కాస్త వంగి చూశాను. ఆ గాడి నేను రోజూ చూస్తున్నదే. అడ్డతీగ నారని పళ్ళతో చీల్చి తాళ్ళు పేనే మా నాయనమ్మకి, అదే పన్ను మీద, అదే చోట ఉంది.

వెనక్కి తిరిగాను. ఆవిడ నాలుక చివరతో తన పన్ను తడుముకుంటోంది. ఆ మంచులో రెండు నోళ్ళూ ఎదురెదురుగా ఒకే నవ్వు నవ్వుతున్నట్టున్నాయి. ఏది ముందు మాట్లాడుతుందోనని మధ్యలోంచి పక్కకి జరిగాను.

మా నాయనమ్మే మాట్లాడింది. "ఇది మా మనిషే. పంపను తల్లీ. కొత్త తిన్నప్పుడు దీని ముద్ద ఎక్కడికి తెచ్చి పెడతాను?" కొత్త పంట నోట పెట్టేముందు పోయిన పెద్దలకి తొలి ముద్ద పెట్టడం మా ఆచారం.

మేడమ్ వాదించలేదు. కొలతలూ ఫొటోలూ తీసుకుని, తన చేతులతోనే మట్టి కప్పింది. మర్నాడు మా నాయనమ్మే గునపం పట్టింది. ఆవిడని చూసి ఒక్కొక్కరే వచ్చారు. పలకని వదిలి, చుట్టూ మొక్కలు నాటారు.

జుట్టు నెరిసిన ఈ వయసులోనూ, కొత్త నాడు ఆ పలక మీద సామల ముద్ద పెట్టి నా పళ్ళు తడుముకుంటాను. మనం చేసిన పని మనతోపాటే మట్టిలోకి వస్తుందని అక్కడే తెలిసింది. మొన్న అలా తడుముకుంటూ, నా ఎముకలు దొరికితే నేనేం చేసి బతికానంటారో అన్నాను.

మా ఆవిడ తల తిప్పకుండానే అంది: "దవడ ఒక్కటే అరిగుంటాది. ఎవుడో వాగుడుకాయని సెప్పేత్తారు."